పుట్టింటి కొమ్మ

డిసెంబరు సగానికి వచ్చేసరికి మన ఊళ్ళలోనూ కొన్ని ఇళ్ళ ముందు కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. వరండాలో సీరియల్ బల్బులు, హాల్లో ఓ మూల చెట్టు. కోస్తా జిల్లాల్లో అయితే సరుగుడు కొమ్మ తెచ్చి, ఇసుక పోసిన బకెట్లో నిలబెట్టి, రంగు కాగితాలూ దూదీ అంటిస్తారు. దూది ఎందుకంటే... మంచు! మనకి మంచెక్కడిది? అయినా చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది.

ఈ చెట్టు ఇంగ్లీషువాళ్ళదని చాలామంది అనుకుంటారు. కాదు, జర్మనీవాళ్ళది. 1605 నాటికే స్ట్రాస్‌బర్గ్ ఊళ్ళో ఇళ్ళలో చెట్టు నిలబెట్టి కాగితపు గులాబీలూ, ఆపిల్ పళ్ళూ, మిఠాయిలూ కట్టేవారట. దాన్ని ఇంగ్లండుకి తెచ్చింది విక్టోరియా మహారాణి భర్త ఆల్బర్ట్ అని పుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. అది సగమే నిజం. ఆల్బర్ట్ పుట్టింది 1819లో. అంతకు పంతొమ్మిదేళ్ళ ముందే విండ్సర్‌లో ఓ ఇల్లాలు చెట్టు పెట్టి దీపాలు వెలిగించింది. ఆవిడ విక్టోరియాకి సాక్షాత్తూ నాయనమ్మ.

ఆవిడ పేరు షార్లెట్. మూడో జార్జి రాజుగారి భార్య. అమెరికాని పోగొట్టుకున్న రాజు అంటే చప్పున గుర్తొస్తాడు. మన ఉత్తర సర్కారు జిల్లాలు ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది కూడా ఆయన హయాంలోనే. అమెరికాలో మన తెలుగువాళ్ళు బోలెడుమంది కాపురముంటున్న షార్లెట్ నగరానికి పెట్టింది ఈవిడ పేరే. ఆ ఊరున్న జిల్లాకేమో ఆవిడ పుట్టింటి పేరు, మెక్లెన్‌బర్గ్. 2023లో ఆవిడ మీద ఓ సీరియల్ కూడా వచ్చింది. అందులో ప్రేమకథ పాలే ఎక్కువ. నాకు మాత్రం ఆవిడ ప్రేమకంటే సంసారం మీదే మనసు పోయింది.

1744 మే 19న ఉత్తర జర్మనీలో మెక్లెన్‌బర్గ్-స్ట్రెలిట్జ్ అనే సంస్థానంలో పుట్టింది షార్లెట్. సంస్థానమంటే కోటలూ ఏనుగులూ ఊహించుకోకండి. మన వైపు ఓ మాదిరి జమీందారీలాంటిది, అంతే. ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి పోయాడు. 1761 జూన్‌లో తల్లీ పోయింది. అదే వేసవిలో ఇంగ్లండు రాజుగారి సంబంధం కుదిరింది. తల్లి పోయి మూడు నెలలు తిరక్కుండానే పదిహేడేళ్ళ పిల్ల ఓడ ఎక్కింది. సముద్రం మీద తుఫాను గాలులు. సెప్టెంబరు 8న లండన్‌లో అడుగుపెట్టింది. ఆ రాత్రికి రాత్రే పెళ్ళి! పెళ్ళికొడుకుని అంతకుముందు చూసింది లేదు. ఇంగ్లీషు ముక్క రాదు. రెండు వారాల్లో, అంటే 22న, పట్టాభిషేకం కూడా అయిపోయింది.

మన ఆడపిల్లలు అత్తవారింటికి వెళ్ళినా పండగకో, పురిటికో పుట్టింటికి వస్తారు. రాలేకపోతే అన్నదమ్ములే సారె పట్టుకుని వెళ్తారు. షార్లెట్ ఆ ఓడ దిగాక మళ్ళీ జర్మనీ మొహం చూడలేదు. యాభైయేడేళ్ళు ఇంగ్లండులోనే బతికి అక్కడే పోయింది. పుట్టింటితో ఆవిడకి మిగిలిన బంధం ఉత్తరాలే. అన్న చార్లెస్‌కి వందలకొద్దీ ఉత్తరాలు రాసింది.

భర్త మంచివాడే. ఆ కాలపు రాజుల్లో భార్యనే నమ్ముకుని ఉన్న అరుదైన మనిషి. అయితే రాచకార్యాల్లో వేలు పెట్టకూడదన్నది ఆయన షరతు. ఆవిడ అలాగే ఉండిపోయింది. పెళ్ళయిన కొత్తలో ఆయన లండన్‌లో ఓ పెద్ద ఇల్లు కొన్నాడు, ఆవిడ ఉండటానికి. ఇవాళ బకింగ్‌హామ్ ప్యాలెస్ అంటున్నది ఆ ఇల్లే. 1762 నుంచి 1783 దాకా పదిహేను పురుళ్ళు! తొమ్మిదిమంది మగపిల్లలు, ఆరుగురు ఆడపిల్లలు. రాణిగారికేం, దాదులూ నౌకర్లూ ఉంటారు కదా అంటారేమో. నొప్పులు మాత్రం ఎవరివి వాళ్ళవే కదండీ. చిన్న కొడుకులిద్దరు వరసగా పోయారు. 1782లో ఆల్‌ఫ్రెడ్, రెండేళ్ళయినా నిండలేదు. మరుసటి ఏడు నాలుగేళ్ళ అక్టేవియస్.

ఇన్నిటి మధ్యా తనకంటూ కొన్ని ఇష్టాలు నిలబెట్టుకుంది. సంగీతమంటే ప్రాణం. 1764లో ఎనిమిదేళ్ళ మొజార్ట్ ఆవిడ ముందు వాయించాడు. మరుసటి ఏడు ఆరు సొనాటాలు ఆవిడకే అంకితమిచ్చాడు. మొక్కలంటే ఇంకా ప్రాణం. క్యూ తోటల్లో దేశదేశాల మొక్కలు చేర్చారు. ఇవాళ మన బొకేల్లో నారింజ, నీలం రంగుల్లో కొంగ ముక్కులాంటి పువ్వు పెడతారు చూడండి, బర్డ్ ఆఫ్ పారడైజ్... దాని శాస్త్రీయ నామం స్ట్రెలిట్జియా రెజినే. 1773లో జోసెఫ్ బ్యాంక్స్ ఆవిడ పుట్టింటి పేరే దానికి పెట్టాడు. అన్నట్టు, రాణిగారికి నశ్యం అలవాటు కూడా ఉండేది! మన అమ్మమ్మల బొడ్లో నశ్యం డబ్బీ గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది.

అంతా మెచ్చుకోవడానికే లేదు. నవలా రచయిత్రి ఫ్యానీ బర్నీ 1786 నుంచి అయిదేళ్ళు ఆవిడ దగ్గర ఉద్యోగం చేసింది. పొద్దున్నుంచి రాత్రిదాకా బట్టలు అందించడం, గంట మోగితే పరిగెత్తడం, పైన అధికారిణి దెప్పుళ్ళు భరించడం. ఆరోగ్యం పాడై చివరికి మానుకుని వెళ్ళిపోయింది. రాణిగారు కఠినురాలేం కాదు గానీ, ఎదురుగా నిల్చున్న మనిషి కాళ్ళు నొప్పెడతాయని ఆవిడకి తోచేది కాదు. కథలు రాసుకునేదాన్ని గనక నాకు ఫ్యానీ మీదే జాలి ఎక్కువ.

1788 చివర్లో రాజుగారికి మతి తప్పింది. గంటల తరబడి ఆగకుండా మాట్లాడటం, కోపం, భార్యని భయపెట్టడం. వైద్యులు ఆయన్ని కట్టి ఉంచే చొక్కాలో బిగించారు. ఆ కొద్ది నెలల్లో ఆవిడ తల నెరిసిపోయింది. 1789 వసంతానికి ఆయన కోలుకున్నాడు. దేశమంతా పండగ చేసుకుంది. ఆవిడ మాత్రం ఆనాటి నుంచి మళ్ళీ ఎప్పుడొస్తుందో అన్న బెదురుతోనే బతికింది.

ఇక ఆ చెట్టు సంగతి.

ఆవిడ పుట్టిన మెక్లెన్‌బర్గ్ వైపు క్రిస్మస్‌కి చెట్టంతా పెట్టేవారు కాదు. యూ చెట్టు కొమ్మ ఒకటి తెచ్చి అలంకరించేవారు. మన సరుగుడు కొమ్మలాగే అన్నమాట! పెళ్ళయి వచ్చాక షార్లెట్ ఆ ఆచారాన్ని తన ఇంట్లో కొనసాగించింది. కొమ్మకి చిన్న చిన్న మైనపు వత్తులు అమర్చి, చుట్టూ చేరి పాటలు పాడి, పిల్లలకి బహుమతులు పంచడం. పండగలు ఆర్భాటంగా చేసుకునే ఇంగ్లండులో ఎవరో కొత్త కోడలు తెచ్చిన పుట్టింటి ముచ్చట అది. మన ఇళ్ళల్లోనూ బొమ్మల కొలువు ఆనవాయితీ లేని ఇంటికి కొలువు ఉన్న ఇంటి పిల్ల కోడలుగా వస్తే ఇలాగే కదూ! మొదట్లో రెండు బొమ్మలు గూట్లో పెట్టుకుంటుంది. పదేళ్ళకి మెట్లు మెట్లుగా కొలువు తీరుతుంది.

1800 నాటికి కొమ్మ కాస్తా చెట్టయింది. ఆ ఏడు ఇంగ్లండులో కరువు. వరసగా పంటలు పోయి రొట్టె ధర మండిపోతోంది. క్రిస్మస్ రోజున విండ్సర్‌లో రాణిగారు అరవై పేద కుటుంబాలకి భోజనం పెట్టించింది. సాయంత్రం చుట్టుపక్కల పెద్దింటి పిల్లల్ని క్వీన్స్ లాడ్జి అనే తన ఇంటికి పిలిచింది. పిల్లలు లోపలికి వచ్చేసరికి గది మధ్య ఓ పెద్ద తొట్టిలో నిలువెత్తు యూ చెట్టు! కొమ్మకొమ్మకీ కాగితాల్లో చుట్టిన బాదం పప్పులు, ఎండు ద్రాక్ష, మిఠాయిలు. పళ్ళూ బొమ్మలూ వేలాడుతున్నాయి. వాటి మధ్య వెలుగుతున్న చిన్న చిన్న మైనపు వత్తులు. అంతా చెట్టు చుట్టూ తిరిగి నోళ్ళు తెరుచుకుని చూశారు. చూసి ఊరుకోవడం కాదు. చివర్లో ప్రతి పిల్లకీ పిల్లాడికీ చెట్టు మీది మిఠాయీ, ఓ బొమ్మా చేతికిచ్చి ఇంటికి పంపించారు.

యూ చెట్టు ఆకులూ గింజలూ విషం. మన పెరట్లో గన్నేరులాగా. అయినా ఇంగ్లండులో చర్చి ఆవరణల్లో వందల ఏళ్ళుగా పెంచుతారు. చలికాలంలో మిగతా చెట్లన్నీ బోడిగా నిలబడితే ఇది మాత్రం నల్లటి పచ్చగా ఉంటుంది. అందుకే అన్ని దీపాల మధ్య అది అంత బాగుండి ఉంటుంది. పచ్చికొమ్మల మీద మంటలు వెలిగించడం తలుచుకుంటే మాత్రం నా గుండె దడదడలాడుతుంది. తర్వాత్తర్వాత మైనపు వత్తులు వెలిగించే ఇళ్ళల్లో చెట్టు పక్కనే నీళ్ళ బకెట్ పెట్టుకునేవారు. ఆ భయం తీరే దారి 1882లో దొరికింది. న్యూయార్క్‌లో ఎడిసన్ దగ్గర పనిచేసే ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంటి చెట్టుకి ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో 80 కరెంటు బల్బులు చుట్టాడు. మన సీరియల్ సెట్లకి మూలపురుషుడు ఆయనే!

ఆ చెట్టు వెలిగిన రెండు నెలలకే, 1801 ఫిబ్రవరిలో, రాజుగారికి మళ్ళీ జబ్బు తిరగబెట్టింది. 1804లో ఇంకోసారి. ఆ తర్వాత భార్యాభర్తల పడకగదులు వేరయ్యాయి. ఒంటరిగా ఆయన దగ్గర ఉండటానికి ఆవిడ భయపడేది. చిరాకు పెరిగింది, కోపం పెరిగింది. ఆ కోపమంతా భరించింది కూతుళ్ళు.

ఇక్కడే నాకు ఆవిడ అర్థంకాదు. పదిహేడేళ్ళకి ముక్కూమొహం తెలియని వాడి కోసం సముద్రం దాటిన మనిషి, తన ఆడపిల్లల్ని గడప దాటనివ్వలేదు. పెద్దమ్మాయి ఒక్కర్తీ 1797లో పెళ్ళి చేసుకుని జర్మనీ వెళ్ళగలిగింది. మిగతా అయిదుగురూ తల్లి చుట్టూ కుట్లూ అల్లికలూ చదువులతో కాలం గడిపారు. మొదట తండ్రికి వాళ్ళని వదులుకోవడం ఇష్టంలేదు. తర్వాత పెళ్ళి మాటెత్తితే ఆయన జబ్బు ఎక్కువవుతుందేమోనని తల్లి భయం. తమ ఇంటిని సన్యాసినుల మఠంతో పోల్చుకుని నవ్వుకునేవారు, పాపం. అందరికంటే చిన్నది అమీలియా. తండ్రి కొలువులో ఫిట్జ్‌రాయ్ అనే సైనికాధికారిని ప్రేమించింది. పెళ్ళి జరగలేదు. 1810 నవంబరులో ఇరవైయేడేళ్ళకే చనిపోయింది. ఆ దెబ్బకి రాజుగారి మతి పూర్తిగా పోయింది, చూపూ పోయింది. 1811 నుంచి పెద్దకొడుకే రాజ్యం చూసుకున్నాడు. భర్త బాగోగుల బాధ్యత చట్టప్రకారం షార్లెట్‌దే. మేరీకి 1816లో నలభయ్యో ఏట పెళ్ళయింది. ఎలిజబెత్ 1818లో తల్లితో పోట్లాడి మరీ పెళ్ళి చేసుకుంది. అప్పటికి ఆవిడకి 47 ఏళ్ళు! అగస్టా, సోఫియా పెళ్ళికూతుళ్ళు కానేలేదు.

మొక్కని వేళ్ళతో పెకలించి తెచ్చి ఇంకో నేలలో పాతిన బాధ తనకి తెలుసు గనక కూతుళ్ళకి అది వద్దనుకుందా? లేక జబ్బు భర్తతో ఒంటరిగా మిగిలిపోతానన్న భయమా? తల్లులందరం ఎంతో కొంత రెండోదానికి దగ్గరే అనిపిస్తుంది నాకు.

1817 నవంబరులో మనవరాలు, పెద్దకొడుకు ఏకైక సంతానం, పురిట్లో పోయింది. తర్వాతి తరంలో రాజ్యానికి వారసులు లేరు. మధ్యవయసు కొడుకులు కొందరు హడావుడిగా పెళ్ళిళ్ళకి సిద్ధమయ్యారు. 1818 జూలైలో జబ్బుతో ఉన్న తల్లి చూడాలని ఇద్దరు కొడుకుల పెళ్ళిళ్ళు క్యూ తోటలోని ఇంట్లోనే చేశారు. ఇద్దరు కోడళ్ళూ జర్మనీ పిల్లలే. నవంబరు 17న ఆ ఇంట్లోనే, కుర్చీలో కూర్చుని, ఓ కొడుకు చెయ్యి పట్టుకుని 74వ ఏట షార్లెట్ కన్నుమూసింది. విండ్సర్‌లో ఉన్న భర్తకి ఆ సంగతి తెలియలేదు. తెలుసుకునే స్థితిలో లేడు. 1820 జనవరిలో ఆయనా పోయాడు.

ఆ జూలై పెళ్ళికూతుళ్ళలో ఒకావిడకి మరుసటి ఏడు పుట్టిన పాపే విక్టోరియా. 1832లో, పదమూడేళ్ళప్పుడు, దీపాలూ పంచదార బొమ్మలూ వేలాడే క్రిస్మస్ చెట్ల గురించి తన డైరీలో రాసుకుంది. ఆల్బర్ట్‌తో పెళ్ళికి అప్పటికింకా ఏడేళ్ళ పైనే ఉంది. 1848లో ఆ దంపతులు పిల్లలతో చెట్టు చుట్టూ నిల్చున్న బొమ్మ లండన్‌లో ఓ సచిత్ర పత్రికలో పడింది. దాంతో ఊరూరా మామూలు ఇళ్ళలోకీ చెట్టు వచ్చేసింది. 1850లో అమెరికాలో గోడీస్ లేడీస్ బుక్ అనే ఆడవాళ్ళ పత్రిక అదే బొమ్మని వేసుకుంది. వేసేముందు విక్టోరియా తలమీది కిరీటమూ ఆల్బర్ట్ మీసమూ చెరిపేశారు, ఎవరింటి బొమ్మో అన్నట్టు కనిపించాలని. నాయనమ్మ పెట్టిన చెట్టుకి ఇలాంటి బొమ్మ ఎవరూ గీయలేదు. అది వెలిగిన క్వీన్స్ లాడ్జిని 1823లో కూలగొట్టారు.