కారానికి కొలత కట్టిన స్కోవిల్

నందిగామ: సంక్రాంతి వెళ్లిందంటే పశ్చిమ కృష్ణాలో కల్లాలు ఎరుపెక్కుతాయి. నందిగామ, చందర్లపాడు, వత్సవాయి, పెనుగంచిప్రోలు ప్రాంతాల నల్లరేగడి నేలల్లో కోసిన మిరపకాయ పట్టాలపై ఎండి, తాలు వేరై, టిక్కీలకెక్కి, లారీల్లో కృష్ణమ్మను దాటి గుంటూరు మిర్చి యార్డుకు చేరుతుంది. అక్కడి నుంచి ఎగుమతికి వెళ్లే సరకు వెంట నడిచే కాగితాల్లో 'ఎస్‌హెచ్‌యూ' అనే మూడక్షరాలు కనిపిస్తాయి. స్కోవిల్ హీట్ యూనిట్ అన్నది వాటి పూర్తి రూపం. స్కోవిల్ అన్నది విత్తనం పేరు కాదు, యంత్రం పేరు అంతకన్నా కాదు. మందులు నూరుకుంటూ జీవితం గడిపిన ఒక అమెరికా ఫార్మసిస్టు పేరు. ఏటా జనవరి 22న, సరిగ్గా మన కల్లాలు నిండే రోజుల్లోనే, ఆయన జన్మదినం వస్తుంది.

విల్బర్ లింకన్ స్కోవిల్ 1865 జనవరి 22న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం బ్రిడ్జ్‌పోర్టులో జన్మించారు. ఆ దేశాధ్యక్షుడు అబ్రహాం లింకన్ హత్యకు గురికావడానికి మూడు మాసాల ముందటి మాట. నాటి మందుల దుకాణం నేటి మెడికల్ షాపు వంటిది కాదు. అట్టపెట్టెలో కంపెనీ మాత్ర దొరికే రోజులు కావవి. వైద్యుడు రాసిచ్చిన చీటీని బట్టి వేరు, బెరడు, లవణం తూచి, నూరి, కలిపి అక్కడికక్కడే మందు తయారుచేసి ఇచ్చేవారు. మన పల్లెల్లో ఆయుర్వేద వైద్యులు కల్వం ముందు కూర్చుని చేసిన పని వంటిదే అది. తూకంలో రవ్వంత తేడా వస్తే రోగి ప్రాణానికే ముప్పు.

స్కోవిల్ ఈ విద్యను మసాచుసెట్స్ ఫార్మసీ కళాశాలలో అభ్యసించారు. అనంతరం అదే కళాశాలలో ఆచార్యునిగా పనిచేశారు. 1891లో కోరా అప్‌హామ్‌ను వివాహమాడారు. వారికి ఇద్దరు కుమార్తెలు. 1895లో ఆయన రాసిన 'ది ఆర్ట్ ఆఫ్ కాంపౌండింగ్' గ్రంథం వెలువడింది. మందులు కలిపే పద్ధతులను సవివరంగా బోధించే ఈ పుస్తకం ఎన్నో ముద్రణలు పొందింది. ఆయన మరణించిన తరువాత కూడా చాలాకాలం ఫార్మసిస్టుల బల్లలపై నిలిచింది. సుగంధ సారాలు, అత్తరుల తయారీపైనా ఆయన మరో పుస్తకం రాశారు. వాసన, రుచి వంటి చేతికి చిక్కని గుణాలను పట్టుకొని లెక్కలోకి తేవడంపై ఆయనకు మొదటి నుంచీ మక్కువ ఉన్నట్లు దీన్ని బట్టి తెలుస్తోంది.

ఆ తరువాత ఆయన డెట్రాయిట్ నగరంలోని పార్క్ డేవిస్ మందుల కంపెనీలో చేరారు. ఈ కంపెనీ పేరు మన పెద్దవారికి కొత్త కాదు. టైఫాయిడ్ జ్వరానికి ఒకప్పుడు ఊరూరా వాడిన క్లోరోమైసిటిన్ మాత్రలను 1949లో విపణిలోకి తెచ్చింది ఈ సంస్థే. అయితే అది స్కోవిల్ కాలం దాటిన తరువాతి సంగతి.

మందుల కంపెనీకి మిరపకాయతో ఏం పని అన్న సందేహం సహజం. ఒంటినొప్పులకు, కీళ్లనొప్పులకు పైపూతగా రాసే మందుల్లో మిరప సారాన్ని కలిపేవారు. రాసినచోట వేడి పుట్టించి నొప్పిని మరపిస్తుంది. నేటికీ ఇటువంటి పూతమందులు దుకాణాల్లో దొరుకుతున్నాయి. చిక్కల్లా మోతాదు వద్ద వచ్చింది. ఒక దేశపు కాయలో ఘాటు ఎక్కువ, మరో దేశపు కాయలో తక్కువ. ఒకే రేవు నుంచి వచ్చిన రెండు మూటల మధ్య కూడా తేడా ఉండేది. తూకం ప్రకారం సమానంగా కలిపినా ఒకసారి తయారైన మందు చర్మాన్ని మండించేది, మరోసారి తయారైనది నీళ్లు రాసినట్లుండేది. కాయను తూచవచ్చు గాని కారాన్ని తూచేదెలా?

అప్పటి రసాయన శాస్త్రం దీనికి సమాధానం చెప్పే స్థితిలో లేదు. మిరపలో మంటకు మూలమైన పదార్థాన్ని బుకోల్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1816లో అశుద్ధ రూపంలో వేరుచేశారు. దానికి 1876లో థ్రెష్ అనే ఆంగ్లేయుడు క్యాప్సైసిన్ అని పేరు పెట్టారు. కాని దాని అణు నిర్మాణం స్థూలంగానైనా తేలింది 1919లోనే. స్కోవిల్ తన పరీక్షను ప్రకటించిన ఏడాది 1912. అంటే తాను కొలుస్తున్న వస్తువు నిర్మాణమేమిటో ఎవరికీ తెలియని రోజుల్లో ఆయన దానిని కొలిచారన్నమాట.

నాలుకే తులాభారం

ఆయన ఎన్నుకున్న సాధనం మనిషి నాలుక. నాటి రసాయన పరీక్షలకు అందనంత సూక్ష్మమైన కారాన్ని సైతం నాలుక పసిగట్టగలదన్నది ఆయన వాదన. పద్ధతి ఇలా ఉండేది. ఒక గ్రెయిన్ (సుమారు 65 మిల్లీగ్రాములు) ఎండుమిరప పొడిని 100 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌లో రాత్రంతా నానబెట్టేవారు. క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు, ఆల్కహాల్‌లోను, నూనెలోను కరుగుతుంది. మరునాడు బాగా కుదిపి వడగట్టి, ఆ సారాన్ని పంచదార నీటిలో కొద్దికొద్దిగా కలుపుతూ రుచి చూసేవారు. నాలుకపై మంట లీలగా, కాని స్పష్టంగా తెలిసే హద్దు ఎక్కడుందో గుర్తించేవారు. ఒక వంతు మిరపకు 30 వేల వంతుల తీపినీరు కలిపాక కూడా మంట తెలిస్తే ఆ కాయ బలం 30 వేలు. అంతే లెక్క. అనంతర కాలంలో అయిదుగురు రుచి చూసేవారిని కూర్చోబెట్టి, కనీసం ముగ్గురు మంట తెలిసిందని చెబితేనే అంకెను ఖాయం చేసే ఆనవాయితీ ఏర్పడింది.

అమెరికా ఫార్మసిస్టుల సంఘం పత్రికలో అచ్చయిన ఆ చిన్న వ్యాసంలో ఆయన మూడు రకాల కాయల అంకెలు ఇచ్చారు. జపాన్ మిరప 20 వేల నుంచి 30 వేలు. జాంజిబార్ మిరప 40 వేల నుంచి 45 వేలు. ఆఫ్రికా తూర్పు తీరంలోని మొంబాసా రేవు నుంచి వచ్చిన మిరప 50 వేల నుంచి లక్ష. ఒకే సంచిలో పోసి అమ్ముతున్న సరకులో అయిదు రెట్ల తేడా ఉందని దీంతో తేటతెల్లమైంది. మందు తయారీదారుకు ఇంతకన్నా కావలసినదేముంది?

లోపాలు లేవా అంటే ఉన్నాయి. నాలుక అలసిపోతుంది. రెండు మూడు నమూనాలు చూశాక నాలుగోదాని మంట తెలియదు. పైగా అలవాటును బట్టి నాలుక మారుతుంది. గోంగూర పచ్చడిలో పండుమిరప నంజుకునే మన డెల్టా మనిషిని డెట్రాయిట్ పరీక్షశాలలో కూర్చోబెట్టి ఉంటే మొంబాసా కాయ కూడా జపాన్ కాయ అంకెకు దిగిపోయేదేమో! ఒకే కాయకు వేర్వేరు బృందాలు వేర్వేరు అంకెలు ఇవ్వడం ఈ పద్ధతిని చివరి వరకు వెంటాడింది. అయినా దీనికన్నా మేలైనది దశాబ్దాలపాటు రాలేదు.

స్కోవిల్‌కు గౌరవాలు ఆలస్యంగానైనా అందాయి. 1922లో అమెరికా ఫార్మసిస్టుల సంఘం ఎబర్ట్ బహుమతితో సత్కరించింది. 1929లో ఆ రంగంలో అత్యున్నతమైనదిగా భావించే రెమింగ్టన్ పతకం లభించింది. అదే ఏడాది కొలంబియా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ప్రదానం చేసింది. 1942 మార్చి 10న ఫ్లోరిడా రాష్ట్రంలోని గెయిన్స్‌విల్‌లో 77వ ఏట ఆయన కన్నుమూశారు. ఆయన పేరు ప్రపంచమంతటా మార్మోగింది మాత్రం ఆ తరువాతే. 2016లో ఆయన 151వ జయంతినాడు గూగుల్ తన ముఖపత్రంపై ఆయన బొమ్మతో ఒక చిన్న ఆట కూడా పెట్టింది.

యంత్రం వచ్చినా పేరు పోలేదు

నేడు కారాన్ని నాలుకతో కొలవడం లేదు. హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రం మిరప సారంలోని క్యాప్సైసిన్‌ను, దాని సోదర పదార్థాలను విడదీసి, పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలున్నాయో చెబుతుంది. ఆ అంకెను 16తో హెచ్చవేస్తే స్కోవిల్ యూనిట్లు వస్తాయి. స్వచ్ఛమైన క్యాప్సైసిన్ విలువ 1 కోటి 60 లక్షలు. యంత్రం లెక్కకట్టినా ఫలితాన్ని మళ్లీ ఆయన పేరులోకి మార్చి చెప్పడం గమనార్హం.

మన కాయతోనే లెక్క వేసి చూద్దాం. భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం రకంలో క్యాప్సైసిన్ సుమారు 0.226 శాతమని సుగంధ ద్రవ్యాల బోర్డు పేర్కొంటోంది. అంటే పది లక్షల్లో 2,260 వంతులు. దానిని 16తో హెచ్చవేస్తే 36,160. సన్నం రకానికి సాధారణంగా చెప్పే 35 వేల నుంచి 40 వేల మధ్య అంకెకు ఇది చక్కగా సరిపోతోంది. స్కోవిల్ చవిచూసిన జపాన్ కాయ కన్నా మనది ఘాటు, జాంజిబార్ కాయకు ఒక మెట్టు తక్కువ. ఇక తేజ రకం వేరే కథ. సన్నగా, చిన్నగా కనిపించే ఆ కాయ 50 వేల నుంచి లక్ష వరకు వెళుతుంది, మొంబాసా సరసన నిలుస్తుంది. చైనా వ్యాపారులు, మిరప సారం తీసే కర్మాగారాలు తేజ కోసం ఎగబడటానికి ఈ ఘాటే కారణం. కర్ణాటక నుంచి వచ్చిన బాడిగ రకంలో కారం బహు స్వల్పం, రంగు మాత్రం అమోఘం. అందుకే విజయవాడ ఇల్లాళ్లు ఆవకాయకు ఘాటు కోసం గుంటూరు కారం, ఎరుపు కోసం బాడిగ కారం కలుపుతారు. స్కోవిల్ పేరు వినకుండానే ఆ తల్లులు రెండు గుణాలనూ విడదీసి లెక్క వేశారు.

ప్రపంచ స్థాయి పోటీ మరో తీరున సాగుతోంది. ఈశాన్య భారతానికి చెందిన భూత్ జొలోకియా పది లక్షల యూనిట్లు దాటి 2007లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. 2013లో కరోలినా రీపర్, 2023లో పెప్పర్ ఎక్స్ ఆ స్థానాన్ని ఆక్రమించాయి. పెప్పర్ ఎక్స్ అంకె 26 లక్షల 93 వేలు. ఇవి వంటకు పనికివచ్చే కాయలని ఈ విలేకరి అనుకోవడం లేదు.

మంట అసలు రుచే కాదని కూడా ఇప్పుడు తేలింది. చర్మంలోను, నాలుకపైన వేడిని గుర్తించే గ్రాహకం ఒకటుంది. 43 డిగ్రీల పైబడిన వేడి తగిలితే మేల్కొనే ఆ గ్రాహకాన్నే క్యాప్సైసిన్ తట్టి లేపుతుంది. నోరు కాలకుండానే కాలిందనిపిస్తుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీనిని కనుగొన్నది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి దక్కింది. పక్షుల్లో ఈ గ్రాహకం క్యాప్సైసిన్‌కు స్పందించదు. పంజరంలోని రామచిలుక పచ్చిమిరపకాయను హాయిగా కొరుక్కు తినడంలోని రహస్యమిదే. మంట పుట్టినప్పుడు నీళ్లు తాగితే ప్రయోజనం తక్కువని, మజ్జిగ గాని పెరుగన్నం గాని మేలని పెద్దలు చెప్పే మాటకూ ఆధారముంది. పాలలోని మాంసకృత్తు, కొవ్వు క్యాప్సైసిన్‌ను పట్టి తీసుకుపోతాయి. గింజల్లో కారం ఉంటుందన్నది మాత్రం అపోహ. గింజలు అంటిపెట్టుకొని ఉండే లోపలి తెల్లని పొరలోనే అది తయారవుతుంది.

రైతు చేతికి అందని అంకె

ఒకే విత్తనం వేసిన రెండు చేలలో కారం ఒకేలా ఉండదు. నీటి ఎద్దడి, ఎండ, కోతకు వచ్చిన అదను అన్నీ దానిపై ప్రభావం చూపుతాయి. సాగర్ ఎడమ కాలువ చివరి భూముల్లో తడి అందక బెట్టకు వచ్చిన చేలో కాయ దిగుబడి తగ్గినా ఘాటు పెరిగే అవకాశముంది. ఆ ఘాటుకు రైతుకు వేరే ధర దక్కుతోందా అంటే లేదు. యార్డులో కాయను చూసేది కంటితోనే. రంగు, ఎండు, పొడవు, తాలు శాతం చూసి బేరం కుదురుతుంది. కారం ఎంతో తెలిసేది సరకు చేతులు మారాక, కర్మాగారం పరీక్షశాలలో. 2021లో నల్ల తామర పురుగు పూతను పీల్చివేసి చేలకు చేలను తుడిచిపెట్టిన తరువాత మిగిలిన ప్రతి టిక్కీ రైతుకు అమూల్యమే. అటువంటి సరకులోని ఒక ముఖ్య గుణం కొనేవాడికే తెలిసి, అమ్మేవాడికి తెలియకపోవడం సమంజసం కాదు. యార్డు గుమ్మంలోనే నమూనా పరీక్షించి రైతుకు చీటీ ఇచ్చే ఏర్పాటు అసాధ్యమేమీ కాదు.

కొన్నేళ్ల కిందట పెనుగంచిప్రోలు మండలంలో ఒక మిరప రైతు ఈ విలేకరికి ఒక కాగితం చూపించారు. ఎవరో వ్యాపారి తన అవసరం కోసం చేయించిన పరీక్ష తాలూకు నకలు అది. ఆంగ్లంలో ఉన్న వరుసల చివర 58 వేల చిల్లర అంకె వేసి ఉంది. అది క్వింటా ధర కాబోలని ఆయన క్షణకాలం ఆశపడ్డారట. తన చేలోని తేజ కాయ ఘాటు అంకె అదని వివరించగా, వ్యాపారికి ఆ సంగతి ముందే తెలుసునా అని అడిగారు. తెలుసునని చెప్పవలసి వచ్చింది. సరకు అప్పటికి వారం కిందటే అమ్ముడుపోయింది.