బానిస యజమానుల చందా వద్దన్న ఓకానెల్

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో వ్యక్తిపూజ గురించి హెచ్చరిస్తూ అంబేద్కర్ ఒక ఐరిష్ నాయకుడి మాటను గుర్తుచేశారు. ఆ నాయకుడు డేనియల్ ఓకానెల్. ఆ ప్రసంగాన్ని మనం ఏటా తలుచుకుంటాం. ఆ ఐరిష్ పేరు దగ్గర ఆగేవాళ్ళు మాత్రం తక్కువ.

ఓకానెల్ 1775లో కెర్రీ ప్రాంతంలో పుట్టారు. దేశంలో ఎక్కువమంది కాథలిక్కులే అయినా, పార్లమెంటులో కూర్చునే హక్కు వాళ్ళకి లేదు. లాయరైన ఆయన 1823లో కాథలిక్ అసోసియేషన్ పెట్టారు. నెలకి ఒక్క పెన్నీ చందాతో కూలీలు, కౌలు రైతులు కూడా అందులో చేరారు. 1828లో క్లేర్ ఉపఎన్నికలో వాళ్ళు భూస్వాముల మాట కాదని ఆయన్ని గెలిపించారు. మరుసటి ఏడాది పార్లమెంటు తలుపులు తెరుచుకున్నాయి. కానీ అదే ఏడాది ఓటు అర్హతను 40 షిల్లింగుల నుంచి 10 పౌండ్లకు పెంచేశారు. 2 లక్షలకు పైగా ఉన్న ఓటర్లు 40 వేల లోపుకు పడిపోయారు. గెలిపించిన పేదల ఓటే పోయింది. దాన్ని ఆయన ఆపలేకపోయారు. ఈ లెక్క రాయకుండా ఆయన్ని పొగడటం మాకు ఇష్టం లేదు.

సముద్రం అవతలి బానిసల విషయంలో మాత్రం ఆయన వెనక్కి తగ్గలేదు. ఐర్లండ్‌కు సొంత పార్లమెంటు కావాలన్న ఉద్యమానికి అమెరికాలోని ఐరిష్ వలసదారులు డబ్బు పంపేవారు. బానిసత్వాన్ని ఎదిరించమని వాళ్ళని కోరుతూ 1842లో వెళ్ళిన విజ్ఞప్తి మీద ఆయన సంతకం ఉంది, దాంతోపాటు వేలాది ఐరిష్ సంతకాలు. చాలామంది వలసదారులకి అది నచ్చలేదు. బానిసల నెత్తురంటిన సొమ్ము అక్కర్లేదని 1843లో ఆయన బహిరంగంగా ప్రకటించాక, అమెరికా దక్షిణాదిలో కొన్ని మద్దతు సంఘాలే మూతపడ్డాయి. ఉద్యమానికి అది నష్టమే.

1845లో ఫ్రెడరిక్ డగ్లస్, బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన మనిషి, డబ్లిన్ సభలో ఓకానెల్‌ని విన్నారు, అదే వేదిక మీద తనూ మాట్లాడారు. తర్వాతి తరం జాతీయవాది జాన్ మిచెల్ దారి వేరు. ఐర్లండ్‌కు స్వేచ్ఛ కావాలన్న ఆయనే అమెరికా చేరి బానిసత్వాన్ని సమర్థిస్తూ పత్రిక నడిపారు. సొంత విముక్తి అడిగేవాళ్ళంతా పక్కవాడి సంకెళ్ళు చూస్తారనే భరోసా లేదని మనకిక్కడ ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

1847 ఫిబ్రవరిలో పార్లమెంటులో ఓకానెల్ ఆఖరి ప్రసంగం ఐర్లండ్ ఆకలి గురించే. మే 15న, రోమ్ వెళ్తూ జెనోవాలో చనిపోయారు. అప్పటికి బంగాళాదుంప పంట కుళ్ళిపోయి ఊళ్ళు శ్మశానాలవుతున్నాయి. ముందుగా పోతున్నవాళ్ళు కూలీలు, చిన్న కౌలుదారులు. ఒకప్పుడు నెలకో పెన్నీ వేసినవాళ్ళు.