ఊర్మిళాకవి మైథిలీశరణ గుప్తుడు

వైశ్యకులమున జన్మించి, లక్ష్మితోపాటు సరస్వతిని గూడ నారాధించిన మహనీయులలో హిందీకవి మైథిలీశరణ గుప్తుడు ప్రముఖుడు. ఆయన జాతీయకవి యని దేశమెల్ల నెఱుగును. కాని రామకథలో మఱవబడిన యొక యిల్లాలికి ఆయన చేసిన యుపకారమును మన ప్రాంతమున నెఱిగినవారు తక్కువ. అందుచే దానిని సోదరసోదరీమణులకు సంగ్రహముగ విన్నవించుచున్నాము.

గుప్తకవి 1886వ సంవత్సరము ఆగస్టు 3వ తేదీన ఝాన్సీ సమీపమునందలి చిర్‌గావ్ గ్రామమున నొక వర్తక కుటుంబమున జన్మించెను. తండ్రి సేఠ్ రామచరణ్ పరమ రామభక్తుడు, కవితాప్రియుడు. తమ్ముడు సియారామశరణ్ గూడ కవియే. మైథిలీశరణుని పాఠశాలా విద్య కొలదికాలముతోనే ముగిసెను. ఇంటనే సంస్కృతము, వంగభాష అభ్యసించెను. సరస్వతీ పత్రికాసంపాదకుడగు మహావీరప్రసాద ద్వివేది ఆయనకు గురుస్థానీయుడు. ద్వివేదిగారి ప్రోత్సాహముననే వ్రజభాషను విడిచి, ఖడీబోలీలో కవిత్వము చెప్పసాగెను. 1912లో వెలువడిన భారతభారతి ఆయన కీర్తిని దేశమంతట వ్యాపింపజేసెను.

ఇక ఊర్మిళ మాట. ఈమె జనకుని కూతురు, లక్ష్మణుని భార్య. వాల్మీకి బాలకాండమున వివాహఘట్టమునందు ఈమెను పేర్కొనెను. సీత భర్తతో వనమున కేగెను; ఆమె కష్టములకు కావ్యములు వెలసినవి. ఊర్మిళ పదునాలుగేండ్లు అంతఃపురమున నొంటిగా నుండెను. ఆమె యెట్లుండెనో ఆదికవి చెప్పలేదు. ఈ లోపమును వంగదేశమున రవీంద్రుడు ముందుగా ఎత్తిచూపెను. 1908లో ద్వివేదిగారు మాఱుపేరుతో తమ పత్రికలో నొక వ్యాసము వ్రాసి, ఊర్మిళ యెడ కవులు చూపిన ఔదాసీన్యమును నిందించిరి. గురువుగారి యా నింద శిష్యుని మనస్సున నాటుకొనెను.

పదునైదేండ్ల పైబడిన కృషికి ఫలముగ 1931లో సాకేతమను పండ్రెండు సర్గల మహాకావ్యము వెలువడెను. సాకేతమనగా అయోధ్య. పేరునకు దగినట్లు కవి రాముని వెంట అడవుల కేగక, అయోధ్యయందే నిలిచెను. చిత్రకూటమునకు మాత్రము పురజనులతో గూడి పోయి వచ్చెను. అచట సీత యుపాయముచే ఊర్మిళాలక్ష్మణులకు పర్ణశాలలో క్షణకాల సమాగమము కలుగును. తక్కిన వనవాసకథ యంతయు అయోధ్యవారు వినినట్లుగనే చెప్పబడెను. తొమ్మిదవ సర్గము ఊర్మిళావిరహమునకే యర్పితము. లక్ష్మణుడు మూర్ఛిల్లెనను వార్త విని పురజనులు లంకకు దండెత్త నుద్యమించినపుడు, ఆమె వీరాంగనయై ముందు నిలుచును.

ఈ విరహసర్గమునకు గొప్ప పరీక్ష యెదురయ్యెను. 1932లో యరవాడ చెఱసాలయందున్న గాంధీమహాత్ముడు సాకేతమును చదివి, ఊర్మిళావిషాదము సుందరమేయైనను ఆ కావ్యమున దానికి తావుండదగునా యని సంశయించుచు కవికి జాబు వ్రాసెను. గుప్తకవి గాంధీగారి యనుయాయి. పిమ్మట 1941లో చెఱసాల కేగినవాడు. అట్టివాడును వినయముతో తన పక్షమును నివేదించెనే గాని, ఆ సర్గమును తొలగింపలేదు. ఇది సముచితమేయని మా యభిప్రాయము. ఊర్మిళ దుఃఖించెను గాని, భర్తను ధర్మమునుండి మరలింపగోరలేదు. ఉన్మాదావస్థలో లక్ష్మణుడు తిరిగివచ్చినట్లు భ్రమించి, అన్నను విడిచి యేల వచ్చితివని ఆమె యతనినే మందలించును. కన్నీరు కార్చుట ధైర్యలోపము కాదు.

ఇట తెలుగువారికి గర్వకారణమగు నొక విషయము గలదు. మన స్త్రీలు పాడుకొను ఊర్మిళాదేవి నిద్ర యను పాట ఈ తల్లిని మఱవలేదు. అందు ఊర్మిళ భర్త తిరిగివచ్చువఱకు పదునాలుగేండ్లు నిద్రించును. వచ్చిన భర్తను పరపురుషునిగా భావించి మందలించును. మన పాటలో ఆమె నిద్రించెను. గుప్తకవి కావ్యమున ఆమె మేల్కొని ప్రతిదినమును లెక్కించెను. రెంటను భర్తను మందలింపగల తేజస్సు ఆమెయందు గలదు. పండితులు విడిచినదానిని వంటయింటి స్త్రీలు నిలుపుకొనిరని మేము సంతోషించుచున్నాము.

అనంతరము గుప్తకవి బుద్ధుని విడనాడబడిన పత్నిని గూర్చి యశోధరను, చైతన్యుని భార్యను గూర్చి 1957లో విష్ణుప్రియను రచించెను. భీముడు విడిచిపోయిన హిడింబయు ఆయన కావ్యమున నాయికయయ్యెను. 1952 మొదలు రాజ్యసభలో నియుక్తసభ్యుడుగ నుండెను. 1954లో పద్మభూషణ బిరుదము నందెను. 1964వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన స్వర్గస్థుడయ్యెను.

సోదరులారా! మన పెద్దలు వర్తకమునకై దూరదేశముల కేగి ధన మార్జించిరి. సత్రములు, పాఠశాలలు నెలకొల్పిరి. వారి చరిత్రములను ఇట్టి సంచికలలో ప్రకటించుకొనుచున్నాము. ఆ కాలమున ఇల్లు, పిల్లలు, వృద్ధులగు అత్తమామలు ఎవరి చేతులలో నుండిరి? ఆ తల్లుల పేర్లు మన శిలాఫలకములపై నెన్ని గలవు? వచ్చు సంచికకు ప్రతి కుటుంబమువారును తమ పెద్దలతోపాటు ఒక ముత్తవ్వ పేరును, ఆమె చేసిన పనిని గూడ వ్రాసి పంపుదురుగాక. అదియే గుప్తకవికి మన మొనర్పదగిన నివాళియని మనవి.