విలియం రాక్స్‌బర్గ్

విలియం రాక్స్‌బర్గ్ (1751 - 1815) స్కాట్లండుకు చెందిన వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త. భారత వృక్షశాస్త్ర పితామహుడిగా ఈయనను పేర్కొంటారు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసుకు వచ్చిన ఈయన సుమారు పన్నెండేళ్ళు సామర్లకోటలో నివసించి, తెలుగు దేశపు చెట్లను, వాతావరణాన్ని, కరువులను ఒక క్రమంలో పరిశీలించి నమోదు చేసాడు. కరువును తట్టుకొనేందుకు కాలువ గట్ల మీద, ఊళ్ళ చుట్టూ ఆహారమిచ్చే చెట్లను పెంచాలని సూచించిన తొలి శాస్త్రజ్ఞులలో ఈయన ఒకడు. ప్రకృతిని కొలిచి, మార్పులను అంచనా వేసి, ఆ తరువాతనే చెట్ల పెంపకాన్ని నిర్ణయించాలన్న పద్ధతికి ఈయన కృషి మన ప్రాంతంలో తొలి అడుగులలో ఒకటి.

బాల్యం, విద్యాభ్యాసం

రాక్స్‌బర్గ్ స్కాట్లండులోని ఎయిర్‌షైరులో, క్రేగీ అనే గ్రామ పరిధిలో 1751లో జన్మించాడు. ఎడిన్‌బరోలో వైద్యవిద్య అభ్యసించాడు. అక్కడ వృక్షశాస్త్ర ఆచార్యుడైన జాన్ హోప్ బోధన ఈయన జీవితాన్ని మలుపు తిప్పింది. మందులు చాలావరకు మొక్కల నుండే తయారయ్యే ఆ కాలంలో వైద్యవిద్యార్థులకు వృక్షశాస్త్రం తప్పనిసరి. కొంతకాలం కంపెనీ ఓడలలో వైద్య సహాయకుడిగా పనిచేసిన తరువాత, 1776లో మద్రాసు వైద్య విభాగంలో సహాయ వైద్యుడిగా చేరాడు. 1780లో పూర్తి స్థాయి వైద్యుడయ్యాడు.

వాతావరణ పరిశీలన

మద్రాసు చేరిన నాటి నుండే రాక్స్‌బర్గ్ వాయుభారమాపకం, ఉష్ణమాపకం సహాయంతో రోజుకు మూడుసార్లు వాతావరణ వివరాలను నమోదు చేసేవాడు. సెయింట్ జార్జి కోటలో ఈయన రాసిన వాతావరణ దినచర్య 1778లో లండను రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురితమైంది. సామర్లకోటకు మారిన తరువాత కూడా ఈ అలవాటును మానలేదు. వానలు ఏ సంవత్సరం తగ్గాయి, ఎంత తగ్గాయి అనే విషయాన్ని ఊహతో కాక అంకెలతో చెప్పగలగడం ఆ రోజుల్లో కొత్త సంగతి.

సామర్లకోటలో

1781లో రాక్స్‌బర్గ్ సామర్లకోట సైనిక స్థావరానికి వైద్యుడిగా నియమితుడయ్యాడు. ప్రస్తుతం కాకినాడ జిల్లాలో ఉన్న ఈ పట్టణం అప్పట్లో రాజమండ్రి సర్కారులో ఉండేది. చికాకోలు, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు అనే అయిదు సర్కారులను కలిపి ఉత్తర సర్కారులు అనేవారు. వీటిలో గుంటూరు సర్కారు 1788లో కంపెనీ పాలనలోకి వచ్చింది. నేటి తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలు ఈ గుంటూరు సర్కారులోనివే.

సామర్లకోటలో ఈయన ఒక ప్రయోగ తోటను పెంచాడు. మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, జాజికాయ, సీమపనస, మల్బరీ, నీలిమందు మొక్కలను అక్కడ నాటి, ఏది ఈ నేలకు తట్టుకుంటుందో, ఏది తట్టుకోదో పరీక్షించాడు. రాజమండ్రి సర్కారులో రైతులు చెరుకు పండించి బెల్లం, పంచదార చేసే విధానాన్ని వివరంగా రాసాడు. లిన్నేయస్ శిష్యుడైన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ ఈయనకు సన్నిహిత మిత్రుడు. కోనిగ్ 1785లో కాకినాడ సమీపంలోని జగన్నాథపురంలో మరణించాడు.

1787 మే నెలలో కోరంగి తీరాన్ని పెనుతుఫాను, ఉప్పెన ముంచెత్తాయి. వేలాది ప్రజలు మరణించారు. ఆ విపత్తులో రాక్స్‌బర్గ్ తన పుస్తకాలను, సేకరణలను పోగొట్టుకొన్నాడు. ఏళ్ళ తరబడి చేసిన పని పోయినా, తిరిగి మొదటి నుండి సేకరణ ప్రారంభించాడు. 1789లో పాట్రిక్ రస్సెల్ స్వదేశానికి వెళ్ళిపోవడంతో మద్రాసు కంపెనీకి ప్రకృతిశాస్త్రజ్ఞుడిగా ఈయన బాధ్యతలు స్వీకరించాడు.

కరువు - చెట్ల పెంపకం

1789 నుండి 1792 వరకు వరుసగా వానలు సరిగా లేక దక్షిణ భారతాన్ని తీవ్రమైన కరువు పట్టి పీడించింది. ఉత్తర సర్కారులలో జననష్టం చాలా ఎక్కువగా జరిగింది. రాక్స్‌బర్గ్ దీనిని కళ్ళారా చూసాడు. వైద్యుడిగా రోగులను చూడటంతో సరిపెట్టుకోక, ఇటువంటి కరువు అంతకు ముందెప్పుడు వచ్చిందో విచారించాడు. పిఠాపురం రాజావారి వద్ద ఉన్న పాత రికార్డుల ద్వారా 1685-87 మధ్య కూడా ఇటువంటి అనావృష్టి ఏర్పడిందని తెలుసుకొన్నాడు. కరువు అనేది ఒక్కసారి వచ్చి పోయే ఆపద కాదని, మళ్ళీ మళ్ళీ వచ్చేదని, కనుక ముందే సిద్ధపడాలని ఈ విచారణ వలన తేలింది.

1793లో మద్రాసు అధికారులకు అందేలా రాసిన లేఖలో ఈయన తన సూచనలను వివరించాడు. కాలువల గట్ల మీద, ఊళ్ళ పరిసరాలలో కొబ్బరి, ఖర్జూరం, సగ్గుబియ్యపు చెట్టు, అరటి, పనస, సీమపనస, నాగజెముడు వంటి వాటిని విరివిగా నాటాలన్నది వాటి సారాంశం. వరి, జొన్న వంటి పైర్లు ఒక్క ఏడాది వాన తప్పితే ఎండిపోతాయి. లోతుకు వేళ్ళు పాతుకొన్న చెట్లు మాత్రం ఆ ఏడాది కూడా ఎంతో కొంత కాపునిస్తాయి. నీడ, కలప, వంటచెరకు అదనపు లాభాలు. గట్టు మీద ఉన్న చెట్టు మట్టిని పట్టి ఉంచుతుంది కూడా.

కృష్ణా డెల్టాతో సంబంధం

రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉన్న కాలంలోనే కృష్ణ, గోదావరి నదుల నీటిని సాగుకు మళ్ళించే ఆలోచనలు మొదలయ్యాయి. మైకేల్ టాపింగ్ ఈ డెల్టాలలో సర్వే చేసాడు. 1790వ దశకంలో అలెగ్జాండర్ బీట్సన్ కృష్ణ నీటిని ఉపయోగించుకోవాలని సూచించాడు. అయితే ఈ సూచనలు దశాబ్దాల పాటు కాగితాల మీదనే మిగిలిపోయాయి. 1832-33లో నందన నామ సంవత్సరంలో వచ్చిన గుంటూరు కరువులో (డొక్కల కరువు) జిల్లాలోని సుమారు 5 లక్షల జనాభాలో 2 లక్షల వరకు మరణించారని అంచనా. మళ్ళీ కరువు వస్తుందన్న రాక్స్‌బర్గ్ అంచనా నలభై ఏళ్ళలో ఈ విధంగా నిజమయింది.

చివరకు 1852లో బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట పనులు చార్లెస్ ఓర్ ఆధ్వర్యంలో మొదలై 1855లో పూర్తయ్యాయి. ఆ ఆనకట్ట నుండి వచ్చిన కాలువల వలన తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలు పచ్చని పంట పొలాలయ్యాయి. తెనాలికి ఆంధ్రా ప్యారిస్ అనే పేరు రావడానికి పట్టణం గుండా సాగే కాలువలే కారణమని చెబుతారు. గట్ల మీద చెట్లు పెంచాలన్న రాక్స్‌బర్గ్ సూచన ఈ కాలువలు రావడానికి అరవై ఏళ్ళ ముందటిది. డెల్టా పట్టణాలలో నీడ కోసం మిగిలే స్థలం ఎక్కువగా కాలువ గట్లు, రోడ్ల అంచులే కనుక ఆ సూచన పల్లెలకే కాక పట్టణాలకు కూడా వర్తిస్తుంది.

కలకత్తా వృక్షోద్యానం

కల్నల్ రాబర్ట్ కిడ్ 1787లో హుగ్లీ నది ఒడ్డున శిబ్‌పూర్‌లో స్థాపించిన వృక్షోద్యానానికి 1793లో రాక్స్‌బర్గ్ అధిపతిగా నియమితుడయ్యాడు. సామర్లకోట తోట బాధ్యత బెంజమిన్ హైన్‌కు వెళ్ళింది. కలకత్తాలో రాక్స్‌బర్గ్ ఇరవై ఏళ్ళు పనిచేసాడు. దేశ విదేశాల నుండి విత్తనాలు, మొక్కలు తెప్పించి నాటించాడు. ఈ తోటలోని మొక్కల జాబితాను ఈయన మిత్రుడు విలియం కేరీ 1814లో శ్రీరామపురం ముద్రణాలయంలో ప్రచురించాడు. అందులో సుమారు 3,500 జాతులున్నాయి.

భారతదేశానికి మహాగని చెట్టు 1795లో వెస్టిండీస్ నుండి మొదట ఈ తోటకే వచ్చింది. ఇప్పుడు అనేక పట్టణాలలో రోడ్ల పక్కన నీడనిచ్చే చెట్లలో మహాగని ఒకటి. ప్రస్తుతం ఈ ఉద్యానం ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరుతో, చుట్టూ పెరిగిన హౌరా నగరం మధ్య ఒక పెద్ద పచ్చని నేలగా నిలిచి ఉంది.

ఊహించని ఫలితాలు

కొత్త మొక్కలను తెచ్చి నాటడం వలన కలిగే ఫలితాలన్నీ ఆనాడు తెలియవు. ఎర్ర రంగునిచ్చే కాచినీల్ పురుగును పెంచాలని కంపెనీ చాలా ఆశపడింది. ఆ పురుగు నాగజెముడు మీద బతుకుతుంది. 1795లో బ్రెజిల్ నుండి కలకత్తాకు చేరిన పురుగు అసలు కాచినీల్ కాదు, దానిని పోలిన మరో జాతి. రంగు పెద్దగా ఇవ్వలేదు గాని, తాను బతికే నాగజెముడు జాతిని అది చాలా ప్రాంతాలలో నాశనం చేసింది. ఒక కలుపు మొక్కను పురుగుతో అదుపు చేయడానికి ప్రపంచంలో తొలి ఉదాహరణగా శాస్త్రజ్ఞులు దీనిని పేర్కొంటారు. ఇది ఎవరూ తలపెట్టి చేసిన పని కాదు.

మరోవైపు, ఆ పురుగుకు లొంగని వేరొక నాగజెముడు జాతి దక్షిణ భారతంలో పొలాలను, పశువుల మేత భూములను ఆక్రమించి పెద్ద బెడదగా తయారయింది. 1926లో మరొక కాచినీల్ జాతి పురుగును వదిలిన తరువాత గాని అది అదుపులోకి రాలేదు. కరువులో ఆదుకొంటుందని రాక్స్‌బర్గ్ సూచించిన మొక్కల జాబితాలో నాగజెముడు కూడా ఉందన్నది గమనార్హం. ఏ చెట్టునైనా నాటే ముందు దాని వలన నేలకు, ఇతర జీవులకు కలిగే ప్రభావాన్ని అంచనా వేయాలన్న నేటి నియమం ఎందుకు అవసరమో ఈ ఉదంతం తెలియజేస్తుంది.

రచనలు, తెలుగు పేర్లు

స్థానిక చిత్రకారుల చేత రాక్స్‌బర్గ్ 2,500కు పైగా మొక్కల చిత్రాలను గీయించాడు. వాటిలో 300 చిత్రాలతో కోరమాండల్ తీరపు మొక్కలపై మూడు సంపుటాల గ్రంథం సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో 1795 నుండి లండనులో వెలువడింది. ఈయన ప్రధాన రచన ఫ్లోరా ఇండికా మరణానంతరం ప్రచురితమైంది. 1832లో కేరీ దానిని మూడు సంపుటాలుగా ముద్రించాడు.

మొక్కలకు తెలుగువారు వాడే పేర్లను రాక్స్‌బర్గ్ లాటిన్ పేర్ల పక్కనే నమోదు చేసాడు. సోమిద చెట్టు బెరడు జ్వరానికి పనికివస్తుందని పరిశీలించి, ఆ చెట్టును శాస్త్రలోకానికి పరిచయం చేసాడు. తరువాత ఆ చెట్టు ప్రజాతికి ఏర్పడిన సోయ్మిడా అనే శాస్త్రీయ నామం తెలుగు మాట నుండి వచ్చిందే. తునికి, వేగిస, జిట్రేగి వంటి అటవీ వృక్షాల శాస్త్రీయ నామాల చివర నేటికీ ఈయన పేరు సంక్షిప్త రూపంలో కనబడుతుంది.

చివరి రోజులు

ఆరోగ్యం క్షీణించడంతో 1813లో రాక్స్‌బర్గ్ కలకత్తా వదిలి వెళ్ళాడు. దారిలో సెయింట్ హెలెనా దీవిలో కొంతకాలం ఆగి, అక్కడి మొక్కల జాబితాను తయారు చేసాడు. అడవులు చాలావరకు నశించిన ఆ దీవిలో చెట్ల పెంపకాన్ని ప్రోత్సహించిన గవర్నరు అలెగ్జాండర్ బీట్సనే. కృష్ణ నీటి మళ్ళింపును సూచించిన వ్యక్తి ఈయనే. బీట్సన్ 1816లో ప్రచురించిన గ్రంథంలో ఆ జాబితా చోటు చేసుకొంది. స్కాట్లండు చేరిన రాక్స్‌బర్గ్ 1815లో ఎడిన్‌బరోలో మరణించాడు. గ్రేఫ్రయర్స్ శ్మశానవాటికలో ఈయన సమాధి ఉంది.

ప్రభావం

రాక్స్‌బర్గ్ కంపెనీ ఉద్యోగి. ఈయన ప్రయోగాలలో ఎక్కువ భాగం కంపెనీ వ్యాపార లాభం కోసం జరిగినవే. అయినా కరువుకాలంలో సామాన్యుల ప్రాణాలను కాపాడే మార్గంగా చెట్లను చూడటం, వాతావరణాన్ని ఏళ్ళ తరబడి కొలిచి నమోదు చేయడం ఆ పరిధిని దాటిన పనులు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన రేపల్లె, బాపట్ల తీర గ్రామాలకు కూడా తీవ్ర నష్టం కలిగించింది. ఆ తరువాత ఈ తీరంలో సరుగుడు తోటల పెంపకానికి, మడ అడవుల రక్షణకు ప్రాధాన్యం పెరిగింది. ఏ నేలలో ఏ చెట్టు, ఎందుకోసం అనే ప్రశ్నకు పరిశీలనతో సమాధానం వెదకాలన్న రాక్స్‌బర్గ్ పద్ధతి ఈ తీరానికి నేటికీ అవసరమే.