ఉప్పు పొట్లాలమ్మిన కమలాదేవి

పోయినేడాది సంక్రాంతికి ముందు మా ఊరి కల్యాణ మండపంలో 3 రోజులు హస్తకళల ప్రదర్శన పెట్టారు. నరసాపురం దగ్గర పల్లెలో ఉండే మా పిన్ని లేసు అల్లుతుంది. ఆమె అల్లినవన్నీ తెప్పించి ఓ స్టాలు తీసుకున్నాను. డిగ్రీ చదివాను, కథలు రాస్తాను, బల్ల సర్దడం కూడా ఓ విద్యేనా అనుకున్నాను. ఇంట్లో ఉన్నవాటిల్లో మంచి తెల్ల దుప్పటి తీసి బల్ల మీద పరిచాను. దానిమీద 60 లేసు ముక్కలు కుప్పగా పోశాను. పెద్ద టేబుల్ క్లాతులు మాసిపోతాయని కవర్లలోంచి తియ్యనే లేదు. ధరలు రాయలేదు, అడిగితే చెబుదాంలే అని. బల్ల వెనకాల కుర్చీలు వేసుకుని నేనూ పిన్నీ కూర్చున్నాం.

3 రోజుల్లో 4 అంటే 4 అమ్ముడుపోయాయి. తెల్ల దుప్పటి మీద తెల్ల లేసు ఎవరి కంటికి ఆనుతుంది చెప్పండి! ఒకావిడైతే మెషిన్ లేసు బజార్లో ఇంతకంటే చవగ్గా వస్తుందంటూ సగం ధరకి అడిగింది. పిన్ని మారు మాట్లాడలేదు. తిరిగి వెళ్లేటప్పుడు బస్సెక్కుతూ, ఇంక సూది పట్టుకోనే అమ్మాయ్ అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 40 ఏళ్ల చేతి పనిని 3 రోజుల్లో నేనే చవక చేసేశానని గిల్ట్.

సరిగ్గా ఆ రోజుల్లోనే కమలాదేవి చటోపాధ్యాయ జీవితం చదివాను. స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొన్న నాయకురాలిగానే ఆమె పేరు నాకు తెలుసు. మన ఇళ్లల్లో కనిపించే కలంకారీలకీ, బొమ్మలకీ, చేనేతకీ ఆమె ఎంత అండగా నిలిచిందో అప్పుడే తెలిసింది.

కమలాదేవి 1903 ఏప్రిల్ 3న మంగుళూరులో పుట్టింది. తండ్రి ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి. ఆమెకి ఏడేళ్లప్పుడు ఆయన పోయాడు. వీలునామా రాయకపోవడంతో ఆస్తంతా సవతి కొడుకు పరమైంది. వాళ్లు ఇవ్వబోయిన భరణాన్ని తల్లి గిరిజాబాయి వద్దంది. ఆడదానికి ఆస్తిలో హక్కు లేకపోతే బతుకెలా ఉంటుందో ఆ పిల్లకి చిన్నప్పుడే అర్థమైపోయి ఉంటుంది. 14 ఏళ్లకి పెళ్లి, రెండేళ్లు తిరక్కుండానే వైధవ్యం. ఆ రోజుల్లో అలాంటి పిల్ల ఓ మూల కూర్చోవాల్సిందే. కమలాదేవి కూర్చోలేదు. మద్రాసు క్వీన్ మేరీస్ కాలేజీలో చదువుకుంది. అక్కడున్నప్పుడే సరోజినీ నాయుడి తమ్ముడు హరీంద్రనాథ్ చటోపాధ్యాయ పరిచయమయ్యాడు. మన హైదరాబాదులో పుట్టిన కవి, నటుడు ఆయన. ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. వితంతువుకి మళ్లీ పెళ్లా అని బంధువులు ముక్కున వేలేసుకున్నారు. ఆ కాపురం కూడా చివరిదాకా నిలవలేదు, తర్వాత విడిపోయారు. కొడుకుని పెంచుకుంటూనే ఆమె తన దారిన తాను నడిచింది.

1926లో మద్రాసు శాసనమండలికి పోటీ చేసి కొద్దిపాటి ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఓడినా, ఆడవాళ్లు ఎన్నికల్లో నిలబడొచ్చని దేశానికి చూపించింది. 1927లో అఖిల భారత మహిళా సభ మొదలైనప్పుడు దాని పనుల భారం మోసినవాళ్లలో ఆమె ఒకరు.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. దండి యాత్రలో ఆడవాళ్లని చేర్చుకోవడం గాంధీగారికి మొదట ఇష్టంలేదు. కమలాదేవి ఆయన దగ్గరికే వెళ్లి సత్యాగ్రహంలో ఆడవాళ్లకీ చోటు కావాలని వాదించింది. తర్వాత బొంబాయి సముద్రపొడ్డున ఉప్పు వండి, పొట్లాలు కట్టి, జనం మధ్యలోకి తీసుకెళ్లి అమ్మింది. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలోకి కూడా ఆ పొట్లాలతోనే నడిచి వెళ్లింది. జైలుకీ వెళ్లింది.

ఇక్కడే పుస్తకం మూసి కాసేపు ఆలోచించాను. ఉప్పు ఏ కొట్లోనైనా దొరికేదే కదా, జనం ఆ పొట్లానికే ఎందుకు ఎగబడ్డారు? అది ఎవరు చేశారో, ఎందుకు చేశారో, దానికోసం ఏం పణంగా పెట్టారో వాళ్లకి తెలుసు కాబట్టి. ఉప్పు మామూలుదే, విలువంతా దాన్ని పట్టుకున్న చేతిది. మరి మా పిన్ని లేసు వెనకున్న చెయ్యి నా స్టాల్లో ఎవరికి కనిపించింది? నేనే దాన్ని బల్ల వెనక దాచేశాను.

1947లో దేశ విభజనతో లక్షలమంది కాందిశీకులు వచ్చిపడ్డారు. పదవులకోసం పరుగెత్తే సమయంలో కమలాదేవి వాళ్ల శిబిరాలకి వెళ్లింది. ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ ద్వారా ఫరీదాబాదులో వేలమందికి ఇళ్లూ, పనులూ ఏర్పడేందుకు పాటుపడింది. దానంగా ఇచ్చేది ఎన్నాళ్లో నిలవదు, చేతిలో పనుంటే మనిషి తలెత్తుకు బతుకుతాడన్నది ఆమె నమ్మకం. 1950ల మొదట్లో ఢిల్లీలోని కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియం నిర్వహణ ఆ యూనియన్ చేతికొచ్చింది. మారుమూల పల్లెల్లో తయారైన వస్తువులు రాజధాని నడిబొడ్డున, దేశవిదేశాల వాళ్ల కళ్లముందు నిలిచాయి.

1952లో ఆలిండియా హ్యాండీక్రాఫ్ట్స్ బోర్డు ఏర్పడితే సుమారు రెండు దశాబ్దాలు దానికి అధ్యక్షురాలిగా ఉంది. ఆఫీసులో కూర్చుని ఫైళ్లు తిప్పిన మనిషి కాదు. ఊరూరా తిరిగి కుమ్మరినీ, నేతగాణ్నీ, కంచుపని వాణ్నీ వెతికింది. నేతగాళ్లు ఆమెని మగ్గాల తల్లి అని పిలుచుకున్నారట. మన శ్రీకాళహస్తి కలంకారీ దాదాపు మరుగునపడిన రోజుల్లో అక్కడ శిక్షణ కేంద్రం రావడానికి ఆమె చొరవే కారణం. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ, తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టిన నల్లరంగు, గుడ్డ చుట్టిన వెదురు కలం, వీటిని పట్టుకునే కొత్త చేతులు అలా తయారయ్యాయి. 1964లో క్రాఫ్ట్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మొదలైంది. 1965 నుంచి నిపుణులైన కళాకారులకి జాతీయ అవార్డులివ్వడం మొదలుపెట్టారు. అంతవరకు పేరులేని పనివాడికి పేరొచ్చింది. నన్నడిగితే ఆమె చేసిన పనుల్లో ఇదే అన్నిటికన్నా పెద్దది.

1955లో పద్మభూషణ్, 1966లో మెగసెసే, 1987లో పద్మవిభూషణ్ ఆమెని వెతుక్కుంటూ వచ్చాయి. ఆమె మాత్రం ఎప్పుడు చూసినా చేనేత చీరలోనే, తలలో పూలతోనే. తను నమ్మినదాన్ని ముందు తన ఒంటిమీదే ప్రదర్శనకి పెట్టుకుందన్నమాట. 1988 అక్టోబర్ 29న, 85 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

ఈ ఏడాది మళ్లీ అదే మండపంలో ప్రదర్శన అన్నారు. పిన్నిని బతిమాలి తీసుకొచ్చాను. ఈసారి ముదురు నీలం పాత పట్టుచీర బల్లకి కింద నేలదాకా వేలాడేసి, వెనక తెరగా ముదురు మెరూన్ గుడ్డ కట్టాను. పెద్ద టేబుల్ క్లాతు ఒక్కటే విప్పి, నిలబడ్డ మనిషి కళ్ల ఎత్తులో తగిలించాను. చెక్క పెట్టెలు బోర్లించి మెట్లుగా అమర్చి, మెట్టుకి మూడు ముక్కలే పెట్టాను. మిగతావి బల్ల కింద. ఒకటి అమ్ముడైతే ఒకటి పైకొస్తుంది. చేత్తో తాకి చూడ్డానికి ముందు వరసలో ఓ నమూనా వదిలాను. ప్రతిదానికీ చిన్న అట్టముక్క మీద ధర, దానికింద అల్లడానికి ఎన్ని రోజులు పట్టిందో రాశాను. అన్నిటికన్నా ముఖ్యం, పిన్ని కుర్చీ బల్ల వెనక కాదు, పక్కన, దారికి ఎదురుగా. చేతిలో సూదీ, దారపుండా.

ఆవిడ అల్లుతుంటే జనం ఆగారు. అన్నీ అమ్ముడుపోయాయని అబద్ధం చెప్పను, సగం పైన పోయాయి. ఆ పెద్ద టేబుల్ క్లాతు ఇంటికే తిరిగొచ్చింది. బేరమాడిన వాళ్లూ ఉన్నారు. కానీ అట్టముక్క మీద 20 రోజులు అని చదివాక సగం ధర అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. ఓ కాలేజీ అమ్మాయి గంటసేపు పిన్ని పక్కనే మోకాళ్లమీద కూర్చుని గొలుసు కుట్టు నేర్చుకుంది. బస్సెక్కేటప్పుడు పిన్ని ఏమీ అనలేదు. దారపుండ మాత్రం సంచీలోంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

మనలో చాలామందికి చేతి పని ఏదో ఒకటి వచ్చు. రేపు మీ ఊళ్లో స్టాలు పెట్టే అవకాశమొస్తే, సామానుకంటే ముందు అవి చేసిన మనిషి కనిపించేలా సర్దండి. కొనడానికి వెళ్తే, ధర కంటే ముందు ఇది ఎవరు చేశారని అడగండి. కమలాదేవి బతుకంతా అడిగిన ప్రశ్న అదే కదూ!