మలుపు మలుపూ బట్టీపట్టిన ఎలిష్కా

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పందెం జరిగింది, గుర్తుందా? హన్మకొండలో మా ఇంటిల్లిపాదీ ఆరోజు టీవీ ముందే. వంటిల్లు సర్దుకుని నేనూ వచ్చి కూర్చున్నా. 22 కార్లు, 22 మంది డ్రైవర్లు. ఒక్క ఆడమనిషి లేదు. ఆడవాళ్లు ఈ పందేలకు పనికిరారా అని మా చిన్నది అడిగేసింది. రుద్రమదేవి గుర్రమెక్కి యుద్ధం చేసిన ఊళ్లో పుట్టిన పిల్ల అడగాల్సిన ప్రశ్నేనా ఇది!

అందుకే దానికి ఎలిష్కా కథ చెప్పాను. మగవాళ్లతో పాటు ఒకే గీత మీద కారు నిలబెట్టి, ఒకే పందెంలో వాళ్లను దాటిపోయిన మనిషి. అదీ దాదాపు వందేళ్ల కిందట.

1900 నవంబరు 16న మొరావియాలోని ఓలోమౌత్స్ పట్టణంలో పుట్టింది. అది ఇప్పుడు చెక్ దేశంలో ఉంది. సంపన్నుల బిడ్డేమీ కాదు, తండ్రిది ఇనుప పని. ఎలిష్కాకు భాషలు నేర్చుకోవడమన్నా, దేశాలు తిరగడమన్నా తగని మోజు. టీనేజీలోనే బ్యాంకులో ఉద్యోగంలో చేరింది. చెన్యెక్ యునెక్ పరిచయమైంది అక్కడే. అతనికేమో కార్ల పిచ్చి. 1922లో ఇద్దరికీ పెళ్లయింది. ఆ తర్వాతే ఎలిజబెత్ యునెక్‌గా ప్రపంచానికి తెలిసింది.

అయితే పెళ్లయిన వెంటనే ఆమె స్టీరింగ్ పట్టలేదు. భర్త నడుపుతుంటే పక్క సీట్లో మెకానిక్‌గా కూర్చునేది. అప్పట్లో పందెం కార్లలో డ్రైవరు పక్కన మరో మనిషి ఉండటం మామూలే. చెన్యెక్‌కు మొదటి ప్రపంచ యుద్ధంలో చేతికి గాయమైంది. గేర్లు మార్చేటప్పుడు ఆ చెయ్యి సరిగా పట్టు చిక్కేది కాదు. ఆనాటి గేర్లు ఇప్పటిలా మెత్తగా జారిపడేవి కావు మరి. ఇంజను చప్పుడు చెవిన పెట్టి, అదును చూసి వెయ్యాలి. అలా స్టీరింగు మెల్లగా ఆమె చేతికొచ్చింది. ఆయనకు ఇష్టమైనదాన్ని ఆయన చెయ్యలేకపోతుంటే ఈవిడ అందుకుంది. మన ఇళ్లలో దుకాణాలు, పొలాలు ఆడవాళ్ల చేతికొచ్చిన దారి కూడా చాలాసార్లు ఇదే కదూ!

వాళ్ల కారు బుగాట్టి. ఫ్రాన్స్‌లోని మోల్స్‌హైమ్‌లో తయారయ్యేది. 1924లో వచ్చిన టైప్ 35 మోడల్ అయితే కార్లు తెలిసినవాళ్లకు కలల రాణి. వరసగా ఎనిమిది సిలిండర్ల ఇంజను, అల్యూమినియం చక్రాలు. గేర్ల కడ్డీ బండి బయట ఉంటుంది, చెయ్యి బయటికి చాపి మార్చాలి. డబ్బుంటే మామూలు మనుషులు కూడా కొనుక్కుని, నేరుగా పందెంలో దించొచ్చు. పెద్ద కంపెనీల జీతగాళ్లతో సొంత కారున్నవాళ్లు పోటీ పడగలిగిన కాలం అది.

1924లో ఎలిష్కా తనంతట తాను పోటీల్లో నడపడం మొదలుపెట్టింది. ఏడాది తిరక్కుండానే సొంత దేశంలో ఇంటింటా తెలిసిన పేరైంది. 1926కల్లా యూరప్ పోటీలకు వెళ్తోంది. 1927లో జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్‌లో జరిగిన గ్రాండ్ ప్రీలో రెండు లీటర్ల తరగతిలో మొదటిగా నిలిచింది. తరగతేదైతేనేం, ఆమె వెనకాల ఉన్నవాళ్లంతా మగవాళ్లే.

కానీ ఆమె మనసు పడింది సిసిలీ ద్వీపంలోని టార్గా ఫ్లోరియో మీద. స్టేడియంలో గుండ్రంగా తిరిగే పందెం కాదిది. కొండల మీది పల్లె బాటలు. ఒక్క చుట్టు 108 కిలోమీటర్లు. అంటే మనం హన్మకొండలో బయల్దేరి భువనగిరి దాటినంత. అలాంటివి ఐదు చుట్లు, మొత్తం 540 కిలోమీటర్లు. రాళ్లు, దుమ్ము, ఒకవైపు లోయ. 1927లో మొదటిసారి దిగినప్పుడు స్టీరింగ్ విరిగి మధ్యలోనే ఆగిపోవాల్సి వచ్చింది.

మరుసటేడు మళ్లీ వెళ్లింది. ఈసారి ఊరికే వెళ్లలేదు. పందేనికి ముందే ఆ దారి వెంట నడిచింది. ఏ మలుపు దగ్గర ఏ చెట్టుంది, ఏ రాయి కనిపించగానే బ్రేకు నొక్కాలి, ఎటునుంచి తిప్పితే తక్కువ దూరం పడుతుంది, అన్నీ గుర్తు పెట్టుకుంది. ఇవాళ ఏ డ్రైవరైనా పందేనికి ముందు ట్రాకు మీద నడిచి చూస్తాడు. అప్పట్లో అలా చేసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వారిలో ఈమె ఒకరు. మలుపులన్నీ బట్టీపట్టడమేమిటి, పరీక్షకు చదివే ఆడపిల్లలా అని ఎవరైనా నవ్వి ఉంటే నవ్వనివ్వండి. ధైర్యమంటే కళ్లు మూసుకుని దూకడమని మగ డ్రైవర్ల గురించి రాస్తుంటారు. ఎలిష్కా ధైర్యం కళ్లు తెరుచుకుని చూసిన ధైర్యం. నన్నడిగితే రెండోదే కష్టం.

1928 మే 6. సూపర్‌చార్జర్ బిగించిన టైప్ 35బి బుగాట్టి ఆమెది. మొదటి చుట్టు ముగిసేసరికి ఉద్దండుల మధ్య నాలుగో స్థానం. రెండో చుట్టు ముగిసేసరికి చూస్తే అందరికన్నా ముందున్నది ఆమే! బుగాట్టి కంపెనీ సొంత డ్రైవరు ఆల్బర్ట్ దివో, ఆల్ఫా రోమియో నడిపే కంపారి వెంటపడుతున్నారు. కంపెనీ అండ లేని మనిషి, అందునా ఆడది, వాళ్లను గంటల తరబడి ఊపిరి తీసుకోనివ్వలేదు. చివరికొచ్చేసరికి దెబ్బతీసింది ఆమె చేతులు కాదు, కారే. నీళ్ల పంపు కారిపోయి ఇంజను వేడెక్కింది. వేగం తగ్గించుకుని, ఇంజనును బతికించుకుంటూ గమ్యం చేరింది. ఐదో స్థానం. గెలిచిన దివోకే ఏడు గంటలు దాటింది. అంతసేపు ఆ కొండదారిలో బరువైన స్టీరింగు తిప్పుతూ ఉండటం మాటలా?

ఆ సంతోషం రెండు నెలలు మాత్రమే. 1928 జులై 15న నూర్‌బుర్గ్‌రింగ్‌లో, ఏడాది కిందట ఆమెను గెలిపించిన ఆ దారిలోనే, జర్మన్ గ్రాండ్ ప్రీలో చెన్యెక్ కారు ప్రమాదానికి గురైంది. ఆయన బతకలేదు. ఎలిష్కాకు అప్పటికి 27 ఏళ్లు.

ఆమె ఆ తర్వాత పందెంలోకి దిగలేదు. పందెం కార్లు అమ్మేసింది. ఇక్కడ మా చిన్నదానికి కోపమొచ్చింది. అంత బాగా నడిపే మనిషి ఎందుకు మానెయ్యాలట? భర్త పోతే ఆడవాళ్లు తమ ఇష్టాలన్నీ వదులుకోవాలనే మన పాత పద్ధతే అక్కడా ఉందా అని. నాకలా అనిపించదు. ఆమెను ఎవరూ మానమనలేదు. ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన ఆటలో ఒకరు లేకపోతే ఆడాలనిపించకపోవడం వేరు, ఆడొద్దని ఊరు చెప్పడం వేరు. అయినా ఆమె మూల కూర్చోలేదు.

కార్ల కంపెనీ యజమాని ఎట్టోరే బుగాట్టి ఆమెకు ఒక కొత్త టూరింగ్ కారిచ్చాడు. ఆ కారుతో ఆమె సింహళం వెళ్లింది. భారతదేశంలో బుగాట్టి కార్లకు వ్యాపారం దొరుకుతుందేమో చూసే పనీ ఆయన ఆమెకే అప్పగించాడు. చూశారా, మన దాకా వచ్చిన కథే! సంస్థానాధీశుల గ్యారేజీల్లో ఖరీదైన విదేశీ కార్లు వరసలు కట్టిన రోజులవి. వాటి బేరానికి పంపడానికి ఆయనకు దొరికింది కార్ల గురించి చేత్తో తెలుసుకున్న ఒక ఆడమనిషి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆమె దేశంలో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. పందెం కార్ల రాణి సంగతి చాలా ఏళ్లు మరుగునపడింది. 1972లో తన జ్ఞాపకాలను పుస్తకంగా తెచ్చింది. దానికి ఆమె పెట్టుకున్న పేరుకు అర్థం, నా జ్ఞాపకం బుగాట్టి అని.

1994 జనవరి 5న, 93 ఏళ్ల వయసులో కన్నుమూసింది. కథ అయిపోయిందనుకుని నేను లేస్తుంటే మా చిన్నది ఫోనులో సిసిలీ మ్యాపు తెరిచి, ఆ 108 కిలోమీటర్ల దారి వెతుకుతోంది.