సర్ రోనాల్డ్ రాస్ – దోమ తొండము

వానలు వెలిసి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములందలి చెరువులు నిండినపుడు చెవియొద్ద మ్రోగు దోమను ఎరుగని బాలుడుండడు. దాని ముఖమును నిదానించి చూచినవారు మాత్రము అరుదు. తొండముగా కానవచ్చునది ఒక సూది యని మా తరగతి బాలురు తలంచిరి. అది ఒర మాత్రమే. ఆడుదోమకు ఆ ఒరలో ఆరు సన్నని శలాకలు ఇమిడియుండును. వానిలో నొకటి రక్తమును పీల్చు మార్గము. వేరొకదాని గుండ దోమ లాలాజలము మన దేహములోనికి దిగును. తక్కిన నాలుగును చర్మమును ఛేదించును. లాలాజలము దిగు ఆ దారియందే చలిజ్వరపు రహస్యము దాగియుండెను.

రోనాల్డ్ రాస్ 1857 మే 13వ తేదీన అల్మోరాలో జన్మించెను. బాల్యమునుండి కవిత్వ సంగీతములపై మక్కువ. వైద్యవిద్య తండ్రి నిర్ణయము. 1881లో భారత వైద్యశాఖలో చేరెను. 1894లో లండనునందు ప్యాట్రిక్ మాన్సను అను వైద్యుడు చలిజ్వరపు క్రిమిని సూక్ష్మదర్శినిలో చూపి, అది దోమలో పెరుగునేమో యను ఊహ నాయనకు కలిగించెను. అయితే దోమ చచ్చిపడిన నీటిని త్రాగుటవలన జ్వరము వచ్చునని మాన్సను తలంపు. అనగా క్రిమి ప్రవేశించునది మన నోటినుండియే గాని దోమ నోటినుండి కాదు! రాస్ అట్టి నీటిని కొందరిచే త్రాగించి చూచెను; నిశ్చయమైన ఫలితము కలుగలేదు. ఇట్టి పరీక్షలను నేటి వైద్యులు ఒప్పరు, మేమును ఒప్పము.

1897 ఆగస్టు మాసమున సికిందరాబాదు చెంత బేగంపేటలో ఆయన పడిన పాట్లు తలంచిన జాలి కలుగును. పంకా విసరిన దోమలు ఎగిరిపోవునని దానిని మాన్పించెను. చెమటచే సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. హుసేన్ ఖాన్ అను రోగి దోమకొక అణా చొప్పున పుచ్చుకొని తన దేహమును వాని కొప్పగించెను. ఆగస్టు 20వ తేదీన అట్టి దోమ యొకదాని కడుపుగోడలో నల్లని రేణువులుగల గుండ్రని కణములు రాస్ కంటబడెను. ఆ దోమజాతి పేరు నాడాయన ఎరుగడు. రెక్కల మచ్చలే ఆయనకు గుర్తు. అది అనాఫిలిస్. తొండమునకు ఇరుప్రక్కల నుండు స్పర్శాంగములు ఆడు అనాఫిలిస్‌కు తొండమంత పొడవు. ఆడు క్యూలెక్సుకు పొట్టివి. ముఖమును చూచియే పోల్చవచ్చును.

కడుపున జేరిన క్రిమి వెలికెట్లు వచ్చును? ఇది తేలకమునుపే అధికారులు ఆయనను రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేసిరి. 1898లో కలకత్తా చేరి, పక్షుల మలేరియాను పట్టుకొనెను. కడుపు కణములు పగిలి వెలువడిన సూక్ష్మమైన క్రిములు దోమ మెడచెంతనున్న లాలాజల గ్రంథులలో చేరుట జూలైలో కనుగొనెను. ఆ గ్రంథుల నాళము తొండములోనికే పోవును! అట్టి దోమలు కుట్టిన పిచ్చుకలకు వ్యాధి సోకెను. ఈ పనిలో మహమ్మద్ బక్సు అను సేవకుడు ఆయనకు తోడ్పడెను.

మానవ మలేరియా విషయమున ఇటలీవాడగు గ్రాస్సీ అదే యేట ఈ సంగతిని నిరూపించెను. వారిరువురి నడుమ కలిగిన కలహము ఇరువురి గౌరవమునకును తగినది కాదని మా యభిప్రాయము. రాస్ 1902లో నోబెల్ బహుమానము నందెను. 1932 సెప్టెంబరు 16న మరణించెను.

ఆయన పనిచేసిన భవనము బేగంపేటలో నేటికిని ఉన్నది. హైదరాబాదునకు పోవు మన బాలురు దానిని చూచి రావలెనని మా కోరిక.